అర్జీ నేర్పిన వ్యాసము

మన పాఠశాలలలో వ్యాసరచన చాలకాలముగా పరీక్షలోని ఒక ప్రశ్నగానే మిగిలియున్నది. ఉపాధ్యాయుడు విషయము చెప్పును. విద్యార్థి ఉపోద్ఘాతము, విషయవివరణము, ఉపసంహారము అను మూడు గదులు కట్టుకొని, తాను కంఠస్థము చేసిన వాక్యములను వానిలో నింపును. గ్రంథాలయముల ప్రయోజనము కానిండు, విజ్ఞానమువలని లాభనష్టములు కానిండు, రచన ఒక్కతీరుగనే నడచును. అందులో తప్పు పట్టదగిన వాక్యము ఉండకపోవచ్చును. మనసున నిలుచు వాక్యమును ఉండదు. ఇందుకు విద్యార్థి తెలివిని నిందించుట న్యాయము కాదు. తానెవరికి వ్రాయుచున్నాడో అతనికెవరును చెప్పలేదు. తన మాటను కాదనువాడు కానరానప్పుడు, ఆ మాటను నిలుపుకొనవలెనను పట్టుదల ఎవనికిని కలుగదు.

వ్యాసమునకు ఇంతకంటె కఠినమైన గురుకులము ఒకటి కలదు. అది అర్జీ. అర్జీదారుడు వ్రాయునది తనకంటె బలవంతునికి. ఆ బలవంతునకు ఈతని మాట వినవలెనను కోరిక లేదు. వినకుండుటకు వలసిన నిబంధనలన్నియు అతని బల్లమీదనే కలవు. కాగితము కొద్ది, కాలము కొద్ది. ఒక్క మాట పొల్లుగా జారినచో ఉన్న శిక్షకు మరికొంత తోడగును. అట్టి స్థితిలో వ్రాయువాడు అలంకారములను వదలి, విషయమును వరుసగా చెప్పుటకును, చెప్పినదానికి హేతువు చూపుటకును, ఎదుటివాని సమాధానమును ముందుగనే ఊహించుటకును తనంతట తానే నేర్చుకొనును. ఈ విద్య భారతదేశమున ఏయే చోట్ల అభ్యసింపబడినదని అడిగినచో, అండమాను దీవులను ముందు వరుసలో చెప్పవలెను. అక్కడి శిక్షాస్థావరము ఎనుబది సంవత్సరములపాటు అనేక భాషలవారిని అర్జీదారులనుగా చేసినది. వారి కాగితములను ఒక సాహిత్యముగా చదివినయెడల, వివరణవ్యాసమును, వాదవ్యాసమును ఎట్లు వ్రాయవలెనో తెలుపు పాఠములు అందు దొరకును.

1857 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట, 1858 మార్చిలో, వాకరు అను అధికారి రెండువందలమంది ఖైదీలను వెంటబెట్టుకొని ఆ దీవులకు చేరెను. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లేయరు పట్టణమునకు ఎడతెగని చరిత్ర అప్పటినుండి మొదలైనది. అచ్చటికి పంపబడిన తొలితరమువారిలో పండితులును ఉండిరి. తర్కశాస్త్రమున ఉత్తరదేశమంతట ప్రసిద్ధుడైన ఫజ్లె హక్ ఖైరాబాదీ వారిలో ఒకడు. 1859లో అండమాను చేరిన ఆయన 1861లో అక్కడనే కన్నుమూసెను. ఆ రెండేండ్లలో ఆయన తిరుగుబాటు వృత్తాంతమును అరబ్బీ భాషలో రచించెను. దానిని బొగ్గుతో గుడ్డపీలికలపైనను కాగితపు తునుకలపైనను వ్రాసెనని పరంపరగా చెప్పుదురు. ఆయన తోడి ఖైదీయైన ముఫ్తీ ఇనాయత్ అహమద్ కాకోరవీ మరియొక పని చేసెను. దగ్గర గ్రంథమొక్కటియు లేకున్నను, జ్ఞాపకమునే ఆధారము చేసికొని, అరబ్బీ పదనిర్మాణమును బోధించు ఒక చిన్న వ్యాకరణమును పారసీకమున కూర్చెను. ఇల్ముస్ సీగా అను ఆ పుస్తకము నేటికిని మదరసాలలో పాఠ్యముగా నున్నది.

ఈ రెండు రచనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక విశేషము గోచరించును. జరిగినదానిని ఎరుగనివారికి ఎరిగింపవలెనని ఒకటి పుట్టినది. రానున్న విద్యార్థికి క్రమముగా నేర్పవలెనని మరియొకటి పుట్టినది. రెండింటికిని చదువరి స్పష్టముగా కలడు. సముద్రమునకు ఆవల నున్న ఆ చదువరి వచ్చి సందేహములు అడుగజాలడు గనుక, సందేహము కలుగు ప్రతిచోటును రచయితయే ముందుగ కనిపెట్టి తీర్చవలెను. వివరణరచనకు ఇదియే మొదటి నియమము. ఎదుట కూర్చున్న స్నేహితునకు సగము చెప్పినను చాలును. దూరస్థునకు మొత్తము చెప్పవలెను; దానిని వరుస తప్పక చెప్పవలెను.

1866లో అక్కడికి చేరిన మహమ్మదు జాఫర్ థానేసరీ కథ వేరొక పాఠము నేర్పును. వహాబీ అభియోగమున శిక్షపడిన ఆయన స్థావరపు కచేరీలో గుమాస్తాగా పనిచేసెను. ఆంగ్లేయ అధికారులకు దేశభాషలు నేర్పెను. తాను ఆంగ్లము నేర్చుకొని ఇతరులకు అర్జీలును అప్పీళ్ళును వ్రాసిపెట్టెను. 1883లో స్వదేశమునకు మరలివచ్చి తన అనుభవములను ఉర్దూలో గ్రంథముగా ప్రకటించెను. ఇతరుని బాధను తన కలముతో చెప్పువానికి ఒక శిక్షణ కలుగును. తన బాధను చెప్పువాడు ఆవేశముతో పొంగిపోవచ్చును. ఇతరునికై వ్రాయువాడు మాత్రము ఏమి జరిగినది, ఎప్పుడు జరిగినది, ఏ నిబంధన ప్రకారము జరిగినది అని ఆ మనుష్యుని ప్రశ్నింపక తప్పదు. ఆ ప్రశ్నలకు వచ్చిన జవాబులే అర్జీలోని వాక్యములు. విద్యార్థి తన వ్యాసమునకు ముందు వేసికొనవలసిన ప్రశ్నలును అవియే.

ఇరువదవ శతాబ్దమున ఈ చరిత్ర మరియొక మలుపు తిరిగినది. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన సెల్యులార్ జైలు ఏడు రెక్కలతో, మూడంతస్తులతో, సుమారు ఏడువందల ఒంటరి గదులతో నిర్మింపబడినది. 1909 మొదలుకొని వంగ, మహారాష్ట్ర, పంజాబు, సంయుక్తరాష్ట్రములనుండి రాజకీయఖైదీలు అందు చేరసాగిరి. వారిలో పలువురు పత్రికారచయితలు. అలహాబాదునుండి వెలువడిన స్వరాజ్య పత్రిక సంపాదకులు ఒకరి తరువాత ఒకరుగ శిక్షింపబడి అక్కడికి వచ్చిరి. కలము పట్టుటయే నేరముగా వచ్చినవారికి, కలము దొరకని చోట నివాసము ఏర్పడినది. ఇంటికి ఏడాదికొక్క ఉత్తరము వ్రాయనిత్తురు. అదియు అధికారులు చదివిన తరువాతనే కదలును.

ఆ సంపాదకులలో ఒకడైన హోతీలాల్ వర్మ 1912లో ఒక లేఖను రహస్యముగా వెలుపలికి పంపగలిగెను. అది సురేంద్రనాథ బెనర్జీ నడపిన బెంగాలీ పత్రికకు చేరి ప్రకటింపబడెను. ఆ సంవత్సరముననే ఇందుభూషణ రాయ్ తన గదిలో ఉరిపోసికొని మరణించెను. ఉల్లాసకర దత్తుకు మతి చలించెను. జైలుగోడల వెనుక ఏమి జరుగుచున్నదో దేశమునకు తెలియుటకు ఇట్టి కాగితములే ఆధారమైనవి. ఇది వాదమునకు పూర్వము జరుగవలసిన పని. సంగతి తెలియని సభలో న్యాయాన్యాయముల చర్చకు తావే లేదు. ముందుగ వివరణము, ఆ పిమ్మట వాదము. మన విద్యార్థులు తరచుగా ఈ క్రమమును తలక్రిందు చేయుదురు. తీర్పుతో మొదలిడి, విషయమును చివరకు వెదకుకొందురు.

విడుదలైన పిదప ఆ ఖైదీలు వ్రాసిన స్మృతిగ్రంథములు వివరణరచనకు మంచి మాదిరులు. వంగభాషలో ఉపేంద్రనాథ బందోపాధ్యాయుని నిర్వాసితేర్ ఆత్మకథ 1921లో వెలువడెను. బారీంద్రకుమార ఘోషు తన ప్రవాసకథను 1922లో ఆంగ్లమున అందించెను. మరాఠీలో వినాయక దామోదర సావర్కరు మాఝీ జన్మఠేప్ 1927లో వచ్చెను. వీరందరును నూనెగానుగను గూర్చి చెప్పిరి. ఎద్దు కట్టవలసిన కాడికి మనుష్యుని కట్టి, దినమునకు ముప్పది పౌనుల కొబ్బరినూనె తీయవలెనని నిర్ణయించిరి. ఈ ఒక్క అంకె చేయు పనిని పది విశేషణములు చేయలేవు. క్రూరము, అమానుషము అని రచయిత చెప్పినచో చదువరి తల ఊపి ముందుకు సాగును. ముప్పది పౌనులని చెప్పినచో ఆగి, ఒక మనిషి ఎన్ని గంటలు త్రిప్పిన అంత నూనె వచ్చునో తనలో తాను లెక్కించును. అట్లు లెక్కించినవాడు తానే తీర్పు చెప్పుకొనును. వివరణవ్యాసమునకు ఇంతకుమించిన బలము వేరొకటి లేదు.

వాదమునకు వచ్చునప్పటికి ఇంకొక శక్తి అవసరమగును. స్వరాజ్య సంపాదకులలో మరియొకడగు నందగోపాలుని గూర్చి సహఖైదీలు ఒక సంగతి చెప్పుదురు. గానుగపనికి నియమింపబడిన దినమున ఆయన భోజనవేళ కాగానే పని నిలిపి, స్నానము చేసి, నింపాదిగా నమలుచు భుజింపసాగెను. జైలరు బారీ మండిపడి వచ్చెను. భోజనమునకును విశ్రాంతికిని ఇంత కాలమని నియమించినది ప్రభుత్వమే కదా, దానిని తానెట్లు అతిక్రమింపగలనని నందగోపాలుడు శాంతముగా బదులు చెప్పెను. ఆయన తన కోపమును చూపలేదు. జైలరు నిబంధననే జైలరునకు చూపెను. ప్రతివాది అంగీకరించిన ప్రమాణమునుండియే తన వాదమును లేవనెత్తుట వాదకళలో మేటి ఎత్తు. మన నైయాయికులు దీనిని బాగుగ ఎరుగుదురు. ఇరుపక్షములకును సమ్మతమైన దృష్టాంతము లేనిదే వాదము నడవదని వారి సిద్ధాంతము.

1913 అక్టోబరులో భారతప్రభుత్వపు హోం సభ్యుడు సర్ రెజినాల్డు క్రాడక్ ఆ జైలును చూడ వచ్చెను. బారీంద్రుడు, నందగోపాలుడు, హృషీకేశ కాంజీలాల్, సుధీరకుమార సర్కారు, సావర్కరు ఆయనతో మాటలాడిరి, అర్జీలు సమర్పించిరి. సావర్కరు అర్జీ 1913 నవంబరు 14వ తేదీది. అందలి పూర్వభాగమును వాదరచనకు ఉదాహరణముగా పరిశీలింపవచ్చును. తాను జైలుకు వచ్చిన నాటినుండి జరిగినది ఆయన వరుసగా చెప్పెను: ప్రమాదకరుడని వేరుగా లెక్కించుట, ఆరు మాసముల ఏకాంతవాసము, కొబ్బరిపీచు దంచు పని, తరువాత గానుగ. పిమ్మట అసలు చిక్కును బయటపెట్టెను. ఇతరులవలె తనకు మెరుగైన తరగతి ఇప్పింపుడని కోరినప్పుడు, నీవు ప్రత్యేకఖైదీవి గనుక వీలుకాదనిరి. ప్రత్యేకఖైదీకి తగిన ఆహారమో వసతియో కోరినప్పుడు, నీవు సామాన్యఖైదీవే గనుక అందరితోపాటే తినుమనిరి. స్వదేశపు జైలులో ఉండినచో శిక్షలో తగ్గింపు, ఉత్తరములు, బంధువుల దర్శనము లభించియుండెడివి. కేవలము ద్వీపాంతరవాసిగా లెక్కించినచో ఈపాటికి జైలు వెలుపల పని దొరికియుండెడిది. తనకు అక్కడి లాభమును లేదు, ఇక్కడి లాభమును లేదు. రెండింటి కష్టములు మాత్రము కలవు. కాబట్టి తన్ను స్వదేశపు జైలుకైనను పంపవలెను, లేక తక్కిన ద్వీపాంతరఖైదీలతో సమానముగనైనను చూడవలెను.

ఇందు మన న్యాయశాస్త్రపు పంచావయవములు ఐదును కనబడును. నియమబద్ధమైన ఏదో ఒక స్థితి తనకు కలుగవలెననుట ప్రతిజ్ఞ. రెండు నియమములనుండియు తన్ను వెలిచేసిరనుట హేతువు. స్వదేశమున నున్న ఖైదీలును, వెలుపలి పనికి పంపబడిన తన తోటివారును ఉదాహరణము. తన ప్రవర్తనను, గడచిన కాలమును దానికి అన్వయించుట ఉపనయము. రెండింటిలో ఒకటి చేయుడనుట నిగమనము. అంతేకాక ప్రతివాదికి ఉభయతఃపాశము తగిలినది. ప్రత్యేకఖైదీయని ఒప్పుకొనినచో కొన్ని సౌకర్యములు ఈయవలసివచ్చును. సామాన్యఖైదీయని ఒప్పుకొనినచో మరికొన్ని ఈయవలసివచ్చును. తప్పించుకొనుటకు తర్కమున త్రోవ లేదు. చదువువాడు ఏ పక్షమువాడైనను ఈ కూర్పును గుర్తింపగలడు.

ఆ అర్జీలోని ఉత్తరభాగము వేరు తీరున సాగును. విడుదల చేసినచో రాజ్యాంగమార్గమున నడతుననియు, ప్రభుత్వమునకు విధేయుడనై యుందుననియు అందు హామీలు కలవు. అది వ్యూహమో, లొంగుబాటో అను విషయమున నేటికిని తీవ్రమైన వివాదము నడచుచున్నది. ఆ వివాదమును తీర్చుట ఈ వ్యాసమునకు పని కాదు. కాని రచనాబోధకునకు అందొక మేలైన ప్రయోగము దొరకును. ఒకే కాగితమున హేతువు ఎక్కడ ముగిసినది, ప్రార్థన ఎక్కడ మొదలైనది అని విద్యార్థిచేత గీత గీయింపవచ్చును. గీతకు ముందున్న వాక్యములను ఖండింపవలెనన్న ప్రతివాది వేరు సాక్ష్యము తేవలెను. గీతకు తరువాతి వాక్యములను నమ్ముటయో నమ్మకపోవుటయో తప్ప ఖండించుట యనునది లేదు. ఈ భేదము తెలిసినవాడు వార్తాపత్రికను కూడ వేరు కన్నులతో చదువును. ఇట్లు గీత గీచిన పిమ్మటనే, వ్యూహమనువాడును లొంగుబాటనువాడును తమ తమ పక్షములను ఆ కాగితమునుండియే సాధింపవలసియుండును. వారికి అప్పుడు మూల వాక్యములే ప్రమాణమగును. వినికిడి మాటలు చెల్లవు.

మంచి వాదము ఫలించితీరునని విద్యార్థికి చెప్పుట మాత్రము అసత్యము. సావర్కరు కోరినది అప్పుడు నెరవేరలేదు. ఆయన స్వదేశపు జైలుకు మార్చబడినది 1921లో. గడువు శిక్షలు పడిన రాజకీయఖైదీలు 1914లో వెనుకకు పంపబడిరి. దానికి అర్జీలతోపాటు ఖైదీల పనినిరాకరణములును, పత్రికల ఒత్తిడియు కారణములైనవి. 1919-20 నాటి భారత జైళ్ళ విచారణసంఘము పోర్టుబ్లేయరునకు వెళ్ళి, స్థావరపు స్థితిగతులు విచారించి, అక్కడికి ఖైదీలను పంపు పద్ధతిని సామాన్యముగా మానవలెనని సిఫారసు చేసెను. 1932లో ప్రభుత్వము రాజకీయఖైదీలను మరల అక్కడికే పంపెను. అనగా ఒక తరము గెలిచిన వాదమును మరుసటి తరము మొదటినుండి చెప్పవలసివచ్చినది. వాదమునకు వినువాడు కావలెను. వినువాడు చెవులు మూసికొన్నచోట వాదము నిలిచిపోవును. 1933 మేలో ఆరంభమైన నిరాహారదీక్షలో మహావీర సింహ్, మోహన్ కిషోర్ నమోదాస్, మోహిత్ మైత్ర మరణించిరి. ముగ్గురు యువకుల ప్రాణములు పోయిన పిమ్మట ఖైదీలకు దొరకినవి గదులలో వెలుతురు, కొంత మెరుగైన ఆహారము, చదువుకొనుటకు పుస్తకములు, పత్రికలు.

ఆ పుస్తకములతో ఖైదీలు ఏమి చేసిరో చెప్పుకొనదగినది. వారు జైలును విద్యాలయముగా మార్చుకొనిరి. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి తరగతులు నడపిరి. ఒకరికొకరు భాషలు నేర్పుకొనిరి. చేతివ్రాత పత్రికలో తమ అభిప్రాయములను ప్రకటించుకొనిరి. చిట్టగాంగు ఆయుధాగారపు కేసువారు, లాహోరు కుట్రకేసువారు, ఇంకను అనేక ప్రాంతములవారు అక్కడ కలసిరి. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి అక్కడ గడపినవారిలో ఒకరు. వాదమున ప్రత్యర్థులకు భయము పుట్టించినవాడని పూర్వము ఒక పండితునికి వచ్చిన బిరుదము ఆయన ఇంటిపేరు. ఆ కాలమున ఆ జైలులో ఆ పేరు అందరికిని చెల్లియుండెడిది. పిస్తోలుతో మొదలైన చాలమంది యువకులు అక్కడ పుస్తకముతో మరలిరి. 1935లో వారిలో పలువురు సామ్యవాదులుగా ఒక సంఘటన ఏర్పరచుకొనిరి. ఈ మార్పు ఏ అధికారి బోధవలనను రాలేదు. తమవంటివారే, తమతోపాటు ప్రాణములకు తెగించినవారే, ఎదుట కూర్చుండి మీ మార్గమున ఫలమేమని ప్రశ్నించినప్పుడు జవాబు చెప్పవలసివచ్చినది. శత్రువునకు జవాబు చెప్పుటకంటె మిత్రునకు జవాబు చెప్పుట కష్టము. శత్రువును దూషించి తప్పించుకొనవచ్చును. మిత్రుని యెడ ఆ ఉపాయము సాగదు.

ఆ చదువు ఎంత పదునెక్కినదో 1937లో తెలిసినది. జులైలో ఖైదీలు రాజప్రతినిధికి తమ కోర్కెలను వ్రాసి పంపిరి: రాజకీయఖైదీల విడుదల, నిర్బంధశాసనముల రద్దు, అండమానులోని వారిని స్వదేశమునకు మరలించుట. జవాబు అనుకూలముగా రాకపోగా జులై 24వ తేదీన మరల నిరాహారదీక్ష మొదలైనది. ఆగస్టులో కలకత్తా టౌనుహాలున రవీంద్రనాథ ఠాకూరు అధ్యక్షతన సభ జరిగినది. చివరకు గాంధీజీ తంతిద్వారా దీక్ష విరమింపుడని కోరుచు, హింసామార్గమును వారు ఇంకను నమ్ముచున్నారా అని అడిగెను. ఖైదీల ప్రత్యుత్తరమున ఒక చిన్న మెలకువ కలదు. తమలో ఎప్పుడైనను ఆ మార్గమును నమ్మియుండినవారు ఇప్పుడు నమ్ముటలేదనియు, రాజకీయసాధనముగా అది నిష్ఫలమని గ్రహించిరనియు వారు తెలిపిరి. తామందరము హింసావాదులమేయని ఒప్పుకొనలేదు. ఎన్నడును ఎవరమును కాదని బుకాయింపలేదు. నిజమెంతవరకో మాట అంతవరకే సాగినది. ఆగస్టు 28వ తేదీన దీక్ష ముగిసినది. 1938 జనవరి నాటికి వారందరును స్వదేశమునకు చేర్చబడిరి. చెప్పదలచినదానికి హద్దు గీయుట బలహీనత యని మన విద్యార్థులు తలంతురు. ఎల్లప్పుడు, అందరును, ముమ్మాటికిని అను మాటలతో వాక్యములను నింపుదురు. ఆ తంతిలో అట్టి మాట ఒక్కటి చేరినను ఎదుటివాడు దానినే పట్టుకొనియుండును.

ఇది కారాగారమునకే చెందిన విద్య యని ఎవరైన అనవచ్చును. సరిగ అదే కాలమున, క్రాడక్ అండమాను వెళ్ళివచ్చిన మరుసటి యేడు, ఆంధ్రదేశపు పాఠశాల విద్యార్థుల వ్యాసరచననే గూర్చి ఒక మహావాదము మదరాసున నడచుచుండెను. విద్యార్థులు పరీక్షలో తెలుగు వ్యాసమును ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నపై మదరాసు విశ్వవిద్యాలయపు ఉపసంఘము చేసిన నిర్ణయముతో ఏకీభవింపక, గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతిపత్రమును సమర్పించెను. భాషావిషయమున ఎవరు ఏ పక్షమున నిలిచినను, ఆ పత్రపు నడక చూడదగినది. సంఘములో ఆయనది అల్పసంఖ్యాకపక్షము. అర్జీదారుని స్థితికి అది చాల దూరము కాదు. ఆయన శాసనములను తెచ్చెను, వ్రాతప్రతులను తెచ్చెను, పూర్వవ్యాకర్తల మాటలను తెచ్చెను. ప్రతిపక్షులు ప్రమాణముగా గౌరవించు గ్రంథములలోనే వారు దోషమనెడి రూపములు కలవని చూపెను. జైలరునకు జైలు నిబంధనను చూపిన నందగోపాలుని పద్ధతికిని దీనికిని పోలిక స్పష్టము. అప్పటికి ఆ వాదమును ఓడినది. విద్యార్థులకు కలిగిన స్వేచ్ఛ వెనుకకు తీసికొనబడెను. అప్పారావు 1915లో మరణించెను. పత్రము మాత్రము మిగిలినది. తరువాతి తరములవారు దానినుండి తమ వాదమును మొదలిడిరి. సాక్ష్యముతో వ్రాసిన వాదమునకు అట్టి దీర్ఘాయువు కలదు.

నేటి అండమాను నికోబారు దీవులలో ఈ పాఠములకు ప్రత్యేకమైన అవసరము కలదు. 2011 జనాభాలెక్కలలో అక్కడి జనసంఖ్య 3,80,581. అందులో వంగభాష మాతృభాషగా గలవారు నూటికి సుమారు 28 మంది, హిందీవారు 19, తమిళులు 15, తెలుగువారు 13. తెలుగువారిలో చాలమంది శ్రీకాకుళము, విశాఖపట్టణపు తీరములనుండి చేపలవేటకును కూలిపనులకును వెళ్ళిన కుటుంబములవారు. ఇంట తెలుగు, వీధిలో హిందీ, పరీక్షలో ఆంగ్లము. ఇట్టి బాలుడు మూడు భాషలలో మాటలాడగలడు, కాని ఒక భాషలోనైనను తన మాటను ఆద్యంతము నిలువబెట్టి వ్రాయు అలవాటు అతనికి చిక్కుట కష్టము. ఆ లోటును కప్పిపుచ్చుటకు మాదిరివ్యాసముల పుస్తకము సిద్ధముగ ఉన్నది. అది భాషను అరువిచ్చునే కాని ఆలోచనను ఈయజాలదు.

ఆలోచింపవలసిన విషయములకు ఆ దీవులలో కొదువ లేదు. మహానికోబారు దీవిలో గలాథియా అఖాతమున ఓడరేవు, విమానాశ్రయము, విద్యుత్కేంద్రము, పట్టణము నిర్మింపవలెనను పథకమునకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించెను. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని అందుకొరకు మళ్ళింపవలసియుండును. ఆ తీరము తోలువీపు సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టు చోటు. ఆ అడవి షోంపెన్ జనుల నివాసము. అంతర్జాతీయ నౌకామార్గమునకు దగ్గర నున్న ఆ స్థలమున రేవు దేశమునకు అవసరమని ఒక పక్షము. పోయిన అడవిని, చెదరిన జనమును ఏ ఆదాయమును తిరిగి తేలేదని మరియొక పక్షము. ఈ విషయముపై వ్రాయుమన్నచో విద్యార్థి అభివృద్ధి, ప్రకృతి అను రెండు పెద్దమాటలతో రెండు పుటలు నింపగలడు. హోతీలాల్ లేఖను చదివినవాడు అట్లు చేయడు. అడవి ఎంత, తీరము ఎక్కడ, అక్కడ నివసించువారెవరు, వారినెవరు అడిగిరి, 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధన ఏమి చెప్పుచున్నది అని ముందు తెలిసికొనును. ఆ తరువాత తన కెదురుపక్షమున నున్నవాని బలమైన మాటను, అతడే విని ఔనని తల ఊపునట్లుగ, ఒక పరిచ్ఛేదమున వ్రాయును. మన శాస్త్రకారులు దానినే పూర్వపక్షమనిరి. పూర్వపక్షమును దుర్బలముగా చెప్పి ఖండించిన పండితుని సభలో నవ్వెడివారు. అటుపిమ్మటనే తన సిద్ధాంతమును, సాక్ష్యము మోయగలిగినంత బరువుతో నిలుపును.

సెల్యులార్ జైలు ఏడు రెక్కలలో మూడు మాత్రమే నేడు మిగిలియున్నవి. 1979 ఫిబ్రవరి 11వ తేదీన అది జాతీయస్మారకముగా ప్రకటింపబడినది. ప్రతి సంవత్సరమును వేలకొలది విద్యార్థులు దానిని చూచి, మరలివచ్చి, దానిపై వ్యాసము వ్రాయుదురు. కట్టిన సంవత్సరము, గదుల సంఖ్య, వీరుల పేర్లు, చివర వారికి జోహారు. ఈ సంఖ్యలు తెలియుట అవసరమే. కాని అంతటితో ఆగిన వ్యాసము ఆ గోడల మధ్య వ్రాయబడిన కాగితములకు న్యాయము చేయదు. ఉపాధ్యాయుడు ఒకసారి వేరొక విధముగా అడిగి చూడవచ్చును. 1913 నవంబరు నాటి అర్జీ నీ బల్లమీదికి వచ్చినది. నీవు ఆ ప్రభుత్వపు అధికారివి. దాని మొదటి భాగమునకు, రెండు నియమములనుండియు వెలియైనవాని ప్రశ్నకు, జవాబు వ్రాయుము. సాకు చెప్పరాదు, దూషింపరాదు, అర్జీదారుడు చూపిన ఏ హేతువును చూడనట్లు దాటిపోరాదు. ఆ జవాబు వ్రాయబూనిన విద్యార్థి మూడవ వాక్యము దగ్గరనే చిక్కుపడును. ఆ చిక్కు ఎక్కడ ఉన్నదో అతడు తెలిసికొన్న క్షణమున వాదవ్యాసము అననేమో అతనికి బోధపడును. అంతవరకు మనము చెప్పిన నియమములన్నియు అతనికి పుస్తకములోని మాటలే.